సీత అంటే నాగటి చాలు

పాప పుట్టగానే ఇంట్లో పేరు వెతకడం మొదలవుతుంది. పురోహితుడు నక్షత్రం చూసి తొలి అక్షరం చెబుతాడు. శతభిషం మూడో పాదమైతే 'సీ' వస్తుంది. తల్లిదండ్రులు ఫోన్ తీసి ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు, వాటి అర్థాలు చూస్తారు. సీత అన్న పేరు పక్కన చాలాచోట్ల 'రాముడి భార్య', 'జనకుడి కూతురు', 'లక్ష్మీదేవి అవతారం' అని ఉంటుంది. ఇవి ఆ పేరు పెట్టుకున్నావిడ ఎవరో చెబుతాయి. ఆ మాటకు అర్థమేమిటో చెప్పవు.

సీత అనేది వ్యవసాయ పదం. సంస్కృతంలో దానికి నాగటి చాలు అని అర్థం. కొన్ని ఊళ్ళలో సాలు అంటారు. నాగలి పోయిన దారిలో నేల మీద పడే గీత అది. రామాయణం కంటే చాలా ముందునుంచీ ఈ మాట వాడుకలో ఉంది. నాగలిని సంస్కృతంలో సీర అని కూడా అంటారు. పొలిమేరను సీమ అంటారు. సీర, సీమ, సీత ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మూడింటిలోనూ నేల మీద గీసిన గీత ఉంది.

ఒక చాలుకు ఇంత విలువ ఎందుకు వచ్చింది? పొలం పని తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి. నాగలికి అడుగున కర్రు ఉంటుంది. ఎడ్లు లాగుతుంటే అది నేలలోకి దిగి, గట్టిపడిన మట్టిని పెళ్ళగించి పక్కకు తోస్తుంది. మధ్యలో సన్నటి గాడి మిగులుతుంది. వాన నీరు నేల మీదుగా జారిపోకుండా ఆ గాడిలో నిలిచి లోపలికి ఇంకుతుంది. పైపైన పడ్డ విత్తనాన్ని ఎండ మాడుస్తుంది, పిట్టలు ఏరుకు తింటాయి. చాలులో పడ్డ విత్తనానికి తడి ఉంటుంది, పైన మట్టి కప్పు ఉంటుంది. వేరు దిగడానికి మెత్తటి నేల ఉంటుంది. దున్నని నేల అడవి, దున్నిన నేల పొలం. ఆ రెండింటి మధ్య తేడా ఈ గీతే. నాగలితో బతికిన తొలి తరాలు చాలును చేతులెత్తి మొక్కాయంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఆ మొక్కు ఋగ్వేదంలోనే కనిపిస్తుంది. నాలుగో మండలం 57వ సూక్తం వ్యవసాయానికి సంబంధించినది. అందులో క్షేత్రపతిని, అంటే పొలానికి అధిపతి అయిన దేవతను కొలుస్తారు. ఎడ్లు, నాగలి, పగ్గాలు అన్నీ సుఖంగా సాగాలని కోరుకుంటారు. ఆ తర్వాత సీతను దగ్గరికి రమ్మని, మంచి పంట ఇమ్మని పిలుస్తారు. అక్కడ సీత రాజకుమార్తె కాదు, పొలంలోని చాలే దేవత. అథర్వవేదం మూడో కాండలోని కృషి సూక్తంలోనూ ఆమె ఉంది.

తర్వాతి కాలంలో గృహ్యసూత్రాలు (ఇంట్లో చేసుకునే కర్మల పద్ధతి చెప్పే గ్రంథాలు) వచ్చాయి. పారస్కర గృహ్యసూత్రంలో సీతాయజ్ఞం అనే పొలం పూజ ఉంది. వరి గానీ యవలు గానీ పండే పొలంలో, ఆ ధాన్యంతోనే వండి, సీతకు నివేదించాలి. అందులో సీత ఇంద్రుడి భార్య. అథర్వవేదానికి చెందిన కౌశికసూత్రంలో పర్జన్యుడి భార్య. ఇంద్రుడు, పర్జన్యుడు ఇద్దరూ వాన దేవుళ్ళే. వాన మొగుడు, చాలు పెళ్ళాం, పంట బిడ్డ. ఆ లెక్క ఏ రైతుకైనా వెంటనే అర్థమవుతుంది. మన ఊళ్ళలో జ్యేష్ఠ పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, నాగలికి పూజ చేసి తొలి చాలు దున్నే ఏరువాక పండగలో సీత పేరు వినిపించకపోవచ్చు. మొక్కే వస్తువులు మాత్రం అవే.

సీత పూజ గది దాటి ఖజానా లెక్కల్లోకి కూడా వచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. రాజుగారి సొంత భూముల సాగు చూడటం అతని పని. విత్తనాలు సేకరించాలి, కూలీలను పెట్టాలి, ఎడ్లు, నాగళ్ళు సమకూర్చాలి, ఏ నేలలో ఏది ఎప్పుడు వేయాలో తేల్చాలి. ఆ భూముల మీద వచ్చే రాబడి పేరు కూడా 'సీత'. అదే అధ్యాయంలో ఏ ప్రాంతంలో ఎంత వాన పడుతుందో లెక్క ఇచ్చారు. అందులో అశ్మక దేశం పేరుంది. నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అశ్మక రాజధాని అని చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తారు. అంటే సీతాధ్యక్షుడి వాన లెక్కలో గోదావరి ఒడ్డున ఉన్న మన నేల కూడా ఉందన్నమాట. ఇంత పక్కా లెక్కల పుస్తకంలోనూ విత్తనాలు చల్లే ముందు తొలి పిడికెడు గింజలను బంగారం తాకిన నీటితో తడపాలనీ, విత్తనాల్లో సీతాదేవి వృద్ధి పొందాలని కోరుకుంటూ చల్లాలనీ ఉంది.

ఇప్పుడు రామాయణానికి వద్దాం. వాల్మీకి బాలకాండలో జనకుడు తన కూతురి సంగతి విశ్వామిత్రుడికి చెబుతాడు. నేలను దున్ని శుభ్రం చేస్తుంటే నాగలి వెంట పైకి వచ్చింది, అందుకే సీత అన్న పేరు వచ్చింది అంటాడు. అయోధ్యాకాండ చివర అనసూయతో సీత తానే తన పుట్టుక చెప్పుకుంటుంది. నాకు ఈ రెండోది ఎక్కువ ఇష్టం. జనకుడు పొలంలో పిడికిళ్ళతో విత్తనాలు చల్లుతూ ఉంటాడు. ఒళ్ళంతా మట్టి కొట్టుకున్న పసిపాప కనిపిస్తుంది. ఆశ్చర్యపోతాడు. పిల్లలు లేనివాడు కాబట్టి ప్రేమతో ఒళ్ళోకి తీసుకుంటాడు. జనం చెప్పుకునే కథల్లో నాగలికి పెట్టె తగులుతుంది, పెట్టెలో పాప ఉంటుంది. వాల్మీకిలో పెట్టె లేదు, మట్టి మాత్రమే ఉంది. విష్ణుపురాణం ప్రకారం ఈ జనకుడి అసలు పేరు సీరధ్వజుడు, అంటే నాగలి జెండాగా గలవాడు. తండ్రి పేరులో నాగలి, కూతురి పేరులో చాలు. ఉత్తరకాండలో ఆమె చివరికి భూమిలోకే వెళ్ళిపోతుంది. చాలు అన్న అర్థం తెలియకుండా చదివితే ఆ పుట్టుక, ఆ ముగింపు రెండూ వింతలుగా మిగిలిపోతాయి. అర్థం తెలిస్తే కథంతా ఆ ఒక్క మాటలోంచి పెరిగిందని తెలుస్తుంది.

సీతకు ఇంకా చాలా పేర్లున్నాయి. జానకి, వైదేహి, మైథిలి అందరికీ తెలిసినవి. ఇవి ఎలా తయారయ్యాయో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. సంస్కృతంలో ఒక పేరు నుంచి 'అతని సంతానం', 'ఆ దేశానికి చెందినది' అనే అర్థంలో ఇంకో పేరు పుట్టించే పద్ధతి ఉంది. దాన్ని తద్ధితం (ఒక పేరుకు ప్రత్యయం చేర్చి చేసిన కొత్త పేరు) అంటారు. అలా చేసేటప్పుడు మొదటి అచ్చు సాగుతుంది. జనక నుంచి జానకి, విదేహ నుంచి వైదేహి, మిథిల నుంచి మైథిలి. జానకి తండ్రి పేరు చెబుతుంది. వైదేహి దేశం పేరు, మైథిలి ఊరి పేరు చెబుతాయి.

ఇతిహాసాల్లోని రాణుల్లో చాలామందిని మనం ఇలాంటి పేర్లతోనే ఎరుగుదుం. కేకయ రాజు కూతురు కైకేయి. కోసల రాజు కూతురు కౌసల్య. గాంధార దేశం ఆడపడుచు గాంధారి, మద్ర దేశం ఆడపడుచు మాద్రి. ద్రౌపదికి కృష్ణ అన్న సొంత పేరున్నా లోకం ఆమెను ద్రుపదుడి కూతురుగానే పిలిచింది. ఈ తల్లుల్లో చాలామందికి పుట్టింట్లో ఏ ముద్దు పేరుండేదో మన దాకా రాలేదు.

పేరు పెట్టే నియమాలు కూడా ఈ అలవాటుకు తోడయ్యాయి. ఇందాక చెప్పిన పారస్కర గృహ్యసూత్రమే నామకరణం గురించీ చెబుతుంది. మగపిల్లవాడి పేరులో అక్షరాలు సరి సంఖ్యలో, రెండో నాలుగో ఉండాలి, తద్ధితం కాకూడదు. ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలి, చివర 'ఆ' ఉండాలి, తద్ధితం కావాలి. సీత పేరును ఈ నియమం పక్కన పెట్టి చూడండి. సంస్కృతంలో సీతా కాబట్టి చివర 'ఆ' ఉంది. కానీ అక్షరాలు రెండే, పైగా తద్ధితం కాదు. జానకి, వైదేహి, మైథిలి మూడూ మూడేసి అక్షరాల తద్ధితాలు. సీత అన్న పేరు తండ్రిని, దేశాన్ని, భర్తను దేన్నీ చెప్పదు. ఆమె ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కటే చెబుతుంది. పాతకాలపు స్త్రీల పేర్లలో ఇలాంటిది అరుదు. ఈ పేరును నేను ఇంతగా పట్టించుకోవడానికి పెద్ద కారణం ఇదే.

అర్థం దగ్గర కొన్ని పొరపాట్లు జరుగుతుంటాయి. వాటికి మూలం ఉచ్చారణ. సీత, శీతం, సిత అన్నవి మూడు వేర్వేరు మాటలు. శీతం అంటే చలి. శీతాకాలం, శీతలం అందులోంచి వచ్చాయి. పట్టించుకోకుండా వదిలేశారనడానికి 'శీతకన్ను వేశారు' అంటాం. అందులో ఉన్నదీ శీతమే. సిత అంటే తెలుపు. దానికి వ్యతిరేకం అసిత, అంటే నలుపు. మాట్లాడేటప్పుడు స, శ కలిసిపోవడం వల్ల సీత అంటే చల్లనిది అని కొన్ని పేర్ల పుస్తకాల్లో రాసేస్తున్నారు. అది తప్పు.

తప్పు అనలేని ఇంకో వింత అర్థం కన్నడ జానపదంలో ఉంది. ఏ.కె. రామానుజన్ రామాయణాల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దాన్ని వివరించాడు. ఆ కథలో రావణుడు వరంగా వచ్చిన మామిడిపండు తాను తిని గర్భం ధరిస్తాడు. తొమ్మిది నెలలు తొమ్మిది రోజుల్లో గడిచిపోతాయి. తుమ్మితే ముక్కులోంచి ఆడపిల్ల పుడుతుంది. కన్నడంలో 'సీత' అంటే 'తుమ్మాడు' అని అర్థం వస్తుంది. మన 'చీదడం' దానికి దగ్గరి మాటే. సంస్కృతం తెలియని గాయకులు పేరును తమ భాషలో విన్నారు, ఆ అర్థానికి తగిన పుట్టుకను కథగా అల్లుకున్నారు. వాల్మీకి కథలో జరిగినదీ ఇలాంటిదే. అక్కడ చాలు అన్న అర్థానికి పొలంలో పుట్టుక వచ్చింది, ఇక్కడ తుమ్ము అన్న అర్థానికి తుమ్ములో పుట్టుక వచ్చింది.

పేరు భాష మారినప్పుడల్లా దాని చివర కూడా మారింది. సంస్కృతంలో 'సీతా' అని దీర్ఘం ఉంటుంది. తెలుగు ఆ దీర్ఘాన్ని కుదిస్తుంది. లతా లత అయినట్టు, గంగా గంగ అయినట్టు సీతా సీత అయింది. సమాసంలో మాత్రం పాత దీర్ఘం తిరిగి వస్తుంది: సీతాదేవి, సీతారాములు. కన్నడంలో సీతె అంటారు, తమిళంలో సీతై. హిందీ దీర్ఘాన్ని అలాగే ఉంచుకుంది.

ప్రాకృత భాషల్లో ఇంకా పెద్ద మార్పు జరిగింది. రెండు అచ్చుల మధ్య ఉన్న తకారం క్రమంగా మెత్తబడి జారిపోయింది. సీతా కాస్తా సీయా అయింది. విమలసూరి ప్రాకృతంలో రాసిన జైన రామాయణం పఉమచరియంలో ఆమె పేరు సీయా. అవధీలో తులసీదాసు కూడా సియా అంటాడు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ సియా అన్న పేరు కొత్తగా ముద్దుగా వినిపిస్తోంది. అమ్మమ్మ పేరు సీతామహాలక్ష్మి, మనవరాలి పేరు సియా అయితే ఆ ఇంట్లో పేరు మారలేదు. తకారం ఒక్కటే జారింది.

సముద్రం దాటిన రూపాలూ ఉన్నాయి. థాయ్‌లాండ్ రామకథలో ఆమె సీదా. ఇండోనేసియాలో సింతా, షింతా అంటారు. అక్కడ ఆడపిల్లలకు ఆ పేరు నేటికీ పెడుతున్నారు. మలయ్ భాషలో వినిపించే సితీ మాత్రం వేరు. అది అరబ్బీలో 'అమ్మగారూ' అనే గౌరవ సంబోధన నుంచి వచ్చింది.

మన తెలుగునాట ఈ పేరు ఇంటింటి పేరైంది. సీతమ్మ, సీతాలు, సీతారత్నం, సీతామహాలక్ష్మి ఒకప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. మగవాళ్ళ పేర్లలోకీ చొరబడింది. అల్లూరి సీతారామరాజు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, గిడుగు సీతాపతి, సిరివెన్నెల సీతారామశాస్త్రి. సీతాకోకచిలుక అన్న మాటలో సీత కట్టుకునే రంగురంగుల కోక ఉంది. సీతాఫలం చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్ళ కాలంలో మన దేశానికి వచ్చిందంటారు. వచ్చిన కొత్త పండుకు జనం సీత పేరు పెట్టారు. దాని చుట్టాలకు రామాఫలం, లక్ష్మణఫలం అని పెట్టారు. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ రకం నేడు దేశమంతా పేరున్న సీతాఫలం. బయటి చెట్టు మన చెట్టు కావడానికి ఈ పేరు ఎంతో తోడ్పడిందనుకుంటాను.

ఈ పేరు పెట్టుకున్నవాళ్ళలో ఇద్దరిని ప్రత్యేకంగా చెప్పాలి. గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ వేళప్పుడు ఎవరొచ్చినా, కులం అడగకుండా అన్నం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. రెండో ఆమె వాసిరెడ్డి సీతాదేవి. గుంటూరు జిల్లా చేబ్రోలులో పుట్టింది. రైతు కుటుంబాన్నీ, భూమి మీద మమకారాన్నీ తీసుకుని 'మట్టిమనిషి' నవల రాసింది. ఒకరిది అన్నం, ఒకరిది మట్టి. ఆ పేర్లు పెట్టిన పెద్దలు సీత అంటే చాలు అని తలచి పెట్టి ఉండరు, రాముడి భార్యను తలచుకునే పెట్టి ఉంటారు. అయినా ఈ ఇద్దరి పనికీ పేరుకూ మధ్య ఉన్న సామీప్యం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ఇటీవల ఈ పేరు పెట్టడం తగ్గింది. పాతబడిందన్నది ఒక కారణం. కొన్ని ఇళ్ళలో భయం ఇంకో కారణం. సీత పేరు పెడితే సీత కష్టాలు వస్తాయంటారు. 'సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి' అన్న సామెత పుట్టిన భాష మనది. ఆమె పుట్టింటివాళ్ళయిన మిథిల ప్రజల్లో కూడా ఇలాంటి జంకు ఉంది. మార్గశిర శుద్ధ పంచమిని వాళ్ళు సీతారాముల పెళ్ళి రోజుగా ఘనంగా జరుపుతారు. కానీ ఆ రోజున తమ ఆడపిల్లలకు పెళ్ళి చేయడానికి ఇష్టపడరు. కన్నబిడ్డ కష్టపడిందన్న బాధ అది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. అయినా వాళ్ళు జంకేది ఆ ముహూర్తానికే, పేరుకు కాదు. జనకపురం ఉన్న నేపాల్‌లో సీత నేటికీ చాలా మామూలు పేరు. కష్టాలన్నీ ఆ కథలోని రాజ్యానివి, యుద్ధానివి, జనాపవాదానివి. పేరులో ఉన్నవి దుక్కి, విత్తు, వాన. ఆ పేరు పెట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్ళ ఇష్టం. కానీ అర్థం చూసి భయపడాల్సిన పేరు మాత్రం ఇది కాదు.

పెట్టాలనుకునేవాళ్ళకు రెండు సంగతులు. నక్షత్రం అక్షరం పట్టింపు ఉంటే 'సీ' శతభిషంలో వస్తుంది, 'జా' ఉత్తరాషాఢ మూడో పాదంలో వస్తుంది. కాబట్టి ఉత్తరాషాఢలో పుట్టిన పాపకు జానకి సరిపోతుంది.

ఇక ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఉత్తరాదివాళ్ళు తకారానికి 'టి' ఒక్కటే రాస్తారు. మనవాళ్ళు 'టి'కి 'హెచ్' చేరుస్తారు. 'ఈ' కోసం కొందరు 'ఐ' ఒక్కటి, కొందరు 'ఇ' రెండుసార్లు రాస్తారు. ఒకే పేరుకు నాలుగు రకాల రాతలు తయారవుతాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో 'టి' మాత్రమే ఉంటే సీటా అని పిలుస్తారు, 'హెచ్' కూడా ఉంటే సీథా అని పిలుస్తారు. ఏ రాత ఎంచుకున్నా జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు, పాస్‌పోర్టు అన్నింటిలో ఒకేలా ఉండేట్టు మొదట్లోనే చూసుకోవాలి. తర్వాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. తెలుగులో రాసేటప్పుడు ఈ చిక్కేమీ లేదు, శకారం పడకుండా సకారమే రాస్తే చాలు.